అడుగున పడ్డ జట్టుకు దిక్కెవరు?

కంప్యూటర్ మ్యాచ్‌లు ఆడిస్తే మనుషులు మేనేజర్లుగా జట్లను నడిపే బాస్కెట్‌బాల్ సిమ్యులేషన్ లీగుల్లో తరచుగా జరిగేది ఇది. ఒక జట్టును నడిపే మేనేజర్ మానేస్తాడు. ఖాళీ పడిన జట్టును కొత్తగా చేరిన మరొకరికి అప్పగిస్తారు. అతను ఉత్సాహంగా జట్టు వివరాలు తెరుస్తాడు. ముప్ఫై దాటిన ఇద్దరు ముగ్గురు ఆటగాళ్లకు ఇంకో మూడేళ్లు పెద్ద జీతాలు ఇవ్వాలి. చెప్పుకోదగ్గ యువకులు లేరు. రాబోయే ఏళ్లలో కొత్త ఆటగాళ్లను తీసుకునే హక్కులు ఎప్పుడో ఇతర జట్లకు వెళ్లిపోయాయి. ఒక సీజన్ ఓడతాడు, రెండో సీజన్ ఓడతాడు, మూడోదానికి అతనూ కనిపించడు. జట్టు మళ్లీ ఖాళీ.

ఇలాంటి జట్లను ఎలా బాగు చేయాలన్న చర్చ ఎక్కువగా ఆటగాళ్ల రేటింగులు, జీతాల లెక్కల చుట్టూ తిరుగుతుంది. జబ్బు అంతకంటే లోతుగా ఉందని నా నమ్మకం. వెనుకబడిన జట్టును లేవనెత్తే నియమాలను ఈ లీగులు అమెరికాలోని అసలు బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏ నుంచి తెచ్చుకున్నాయి. ఎన్‌బీఏలో జట్టు ఎంత ఓడినా దానికి యజమాని ఉంటాడు, ఊరు ఉంటుంది, స్టేడియం ఉంటుంది. సిమ్యులేషన్ లీగులో జట్టుకు ఉన్న ఆస్తల్లా ఒక మనిషి ఓపిక. ఆ ఓపికను కాపాడే నియమం అరువు తెచ్చుకున్న వాటిలో దాదాపు లేదు.

ఈ ఆటల మూలం కంప్యూటర్ కంటే పాతది. అమెరికాలోని పెన్సిల్వేనియాలో 1951లో ఏపీబీఏ, పదేళ్ల తర్వాత 1961లో హాల్ రిచ్‌మన్ తయారు చేసిన స్ట్రాట్-ఓ-మ్యాటిక్ మార్కెట్లోకి వచ్చాయి. రెండూ మొదట బేస్‌బాల్ ఆటలే. ఒక్కో ఆటగాడికి ఒక్కో కార్డు, దాని మీద అతని గణాంకాల నుంచి లెక్కగట్టిన ఫలితాలు. పాచికలు వేసి మ్యాచ్ ఆడటం. స్నేహితులు కలిసి లీగులు కట్టుకుని ఏళ్ల తరబడి నడిపారు. బాస్కెట్‌బాల్ తర్వాత వచ్చి చేరింది, ఆ తర్వాత పాచికల పని కంప్యూటర్ తీసుకుంది. దాంతో ఒక పెద్ద మార్పు వచ్చింది. కార్డుల కాలంలో నిజమైన ఆటగాడి గత సీజన్‌నే మళ్లీ ఆడేవారు. కంప్యూటర్ కల్పిత ఆటగాళ్లను పుట్టించగలదు, పెంచగలదు, ముసలివాళ్లను చేయగలదు. ఒక లీగ్ యాభై సీజన్లు సాగవచ్చు. అంటే భవిష్యత్తు అనేది కొనుక్కోగల, అమ్ముకోగల సరుకైంది.

ఆ భవిష్యత్తుకు తాళంచెవి డ్రాఫ్ట్. ఐపీఎల్‌లో కొత్త ఆటగాడు కావాలంటే వేలంలో డబ్బు పెట్టాలి. ఎన్‌బీఏలో కొత్త ఆటగాళ్లను జట్లు వంతులవారీగా ఎంచుకుంటాయి. బాగా ఓడిన జట్లకు ముందు వంతులు. ఉద్దేశం మంచిదే, బలహీనుడికి చేయూత. కానీ అందులోనే చిక్కు ఉంది: ఎంత ఓడితే అంత లాభం.

1966 నుంచి 1984 వరకు తూర్పు, పడమర రెండు విభాగాల్లోనూ అట్టడుగున నిలిచిన జట్ల మధ్య నాణెం ఎగరేసి మొదటి వంతు ఎవరిదో తేల్చేవారు. 1983లో అలా గెలిచిన హ్యూస్టన్ రాల్ఫ్ శాంప్సన్‌ను తీసుకుంది. మరుసటి సీజన్‌లో 29 గెలిచి 53 ఓడి మళ్లీ అడుగుకు చేరింది. సీజన్ చివర్లో 38 ఏళ్ల ఎల్విన్ హేస్‌ను అదనపు సమయంతో కలిపి 53 నిమిషాలూ ఆడించిన మ్యాచ్ కూడా ఓడిపోయింది. కావాలనే ఓడుతున్నారన్న ఆరోపణ గట్టిగా వినిపించింది. నాణెం మళ్లీ హ్యూస్టన్‌కే పడింది, హకీమ్ ఒలాజువాన్ వచ్చాడు.

అదే ఏడాది నాణేనికి రెండో వైపు ఉన్న కథను సిమ్యులేషన్ లీగు మేనేజర్లు అందరూ తెలుసుకోవాలని నా కోరిక. ఆ సీజన్‌లో తూర్పున అడుగున నిలిచింది ఇండియానా, 26 విజయాలతో. కానీ రెండో వంతు దాని చేతిలో లేదు. మూడేళ్ల ముందు, 1981లో, టామ్ ఓవెన్స్ అనే అనుభవజ్ఞుడి కోసం ఆ హక్కును పోర్ట్‌లాండ్‌కు ఇచ్చేసింది. ఓవెన్స్ ఇండియానాకు ఆడింది ఒక్క సీజన్. పోర్ట్‌లాండ్ ఆ వంతుతో శామ్ బోవీని ఎంచుకుంది. అప్పటికి మైకేల్ జోర్డన్ ఇంకా మిగిలే ఉన్నాడు, మూడో వంతులో షికాగోకు వెళ్లాడు. పోర్ట్‌లాండ్ పొరపాటు గురించి అందరూ చెప్పుకుంటారు. విత్తనాల గింజలు వండుకు తిన్న ఇండియానా సంగతి ఎవరికీ గుర్తు రాదు.

1985లో లాటరీ వచ్చింది. ప్లేఆఫ్స్‌కు చేరని ఏడు జట్ల పేర్లు కవర్లలో పెట్టి తీశారు, అందరికీ సమాన అవకాశం. న్యూయార్క్‌కు మొదటి వంతు వచ్చి పాట్రిక్ ఈవింగ్ దక్కాడు. అందరికంటే తక్కువ గెలిచిన రెండు జట్లలో ఒకటైన గోల్డెన్ స్టేట్‌కు ఏడో వంతు మిగిలింది. ఓడటం వల్ల లాభం తగ్గింది గానీ చేయూత కూడా తగ్గింది. 1990లో 66 అవకాశాల పద్ధతి తెచ్చి అట్టడుగు జట్టుకు 11, అంచున ఉన్న జట్టుకు ఒకటి ఇచ్చారు. 1993లో 41 గెలిచి 41 ఓడిన ఓర్లాండో ఆ ఒక్క అవకాశంతోనే, వరుసగా రెండో ఏడాది, మొదటి వంతు కొట్టేసింది. దాంతో 1994లో అట్టడుగు జట్టు అవకాశాన్ని 25 శాతానికి పెంచారు. ఆ పెంపు చివరికి ఎక్కడికి తీసుకెళ్లిందో ఫిలడెల్ఫియా చూపించింది. జనరల్ మేనేజర్ శామ్ హింకీ నాయకత్వంలో, ముందు వంతుల కోసం ఓటములకు సిద్ధపడి, 2013 నుంచి మూడు సీజన్లలో ఆ జట్టు సాధించిన విజయాలు 19, 18, 10. మూడో సీజన్ ముగియకముందే ఆయన పదవి వదిలారు. 2019లో మళ్లీ మార్పు: చివరి మూడు జట్లకూ తలా 14 శాతం.

అరవై ఏళ్లుగా తక్కెడ ఇటూ అటూ ఊగుతూనే ఉంది. చేయూత పెంచితే కావాలని ఓడేవాడు పుడతాడు, తగ్గిస్తే నిజంగా ఓడేవాడు మునుగుతాడు. సిమ్యులేషన్ లీగులు ఈ తక్కెడను ఉన్నదున్నట్టుగా తెచ్చుకున్నాయి. జెరెమీ షెఫ్ రూపొందించిన ఉచిత ఆట ‘బాస్కెట్‌బాల్ జీఎం’లో డ్రాఫ్ట్ పద్ధతిని మనమే ఎంచుకోవచ్చు: నాణెం, 1990 నాటి లాటరీ, 1994 నాటిది, 2019 నాటిది. పైన చెప్పిన చరిత్ర అంతా ఒక చిన్న జాబితాలో ఇమిడిపోయింది.

ఈ ఆటలో ఓడటానికి అంత ఆకర్షణ ఎందుకో దాని లెక్కల్లోనే కనిపిస్తుంది. ప్రోగ్రాం కోడ్ అందరికీ అందుబాటులో ఉంది. జట్టు బలాన్ని పది మంది ఆటగాళ్ల రేటింగుల నుంచి కడతారు, మేటి ఆటగాడి నుంచి కిందికి పోయేకొద్దీ ప్రాధాన్యం తగ్గుతూ వస్తుంది. మొదటివాడి బరువు పదోవాడి బరువుకు ఐదు రెట్లకు పైనే. కోర్టులో ఒకేసారి ఐదుగురే ఉండే ఆట కాబట్టి ఇది న్యాయమే. కానీ దీనివల్ల పది మంది మంచివాళ్లను పోగు చేసే జట్టు కంటే ఒక్క అసాధారణ ఆటగాణ్ని పట్టుకున్న జట్టు ముందుంటుంది. అలాంటివాడు దొరికే దారి డ్రాఫ్టులో మొదటి వరుసలు. అందుకే పైకి రావాలంటే ముందు అడుగు తాకాలని మేనేజర్లు త్వరగానే నేర్చుకుంటారు.

దీనికి ఆ ఆటలో విరుగుడు కూడా పెట్టారు. కల్పిత యజమానికి గెలుపు, ప్లేఆఫ్స్, డబ్బు అనే మూడు విషయాల్లో సంతృప్తి కొలతలు ఉంటాయి. అవి బాగా పడిపోతే మేనేజర్ ఉద్యోగం పోతుంది. ఆటగాళ్లకూ మనసు ఉంటుంది: ఓడే జట్టుతో, అభిమానుల ఆసక్తి లేని జట్టుతో ఒప్పందానికి కొందరు ససేమిరా అంటారు. ఒంటరిగా ఆడేవారికి ఇది చక్కగా పనిచేస్తుంది.

మనుషులు నడిపే లీగుల్లో పరిస్థితి వేరు. అక్కడ మేనేజర్‌ను ఉద్యోగం నుంచి తీసేస్తామంటే ఎవరూ భయపడరు, ఎందుకంటే చాలామంది తామే వెళ్లిపోవడానికి సిద్ధంగా ఉంటారు. కౌలుకు తీసుకున్న పొలానికి చెరువు మట్టి తోలించడానికి ఎవరు ముందుకొస్తారు? వచ్చే ఏడాది తాను ఉండనని లోలోపల తెలిసిన మేనేజర్ ఈ ఏడాది కప్పు కోసం నాలుగేళ్ల డ్రాఫ్ట్ హక్కులు అమ్మేస్తాడు. నియమాల ప్రకారం అది తప్పు కాదు. నష్టం తెలిసేది అతను వెళ్లిపోయాకే.

ఈ జబ్బును కూడా ఎన్‌బీఏ ఒకసారి చూసింది. 1980లో క్లీవ్‌ల్యాండ్ జట్టును కొన్న టెడ్ స్టెపియన్ మొదటి రౌండ్ (డ్రాఫ్ట్‌లో తొలి విడత) హక్కులను ఒకదాని తర్వాత ఒకటి ఇతర జట్లకు ఇచ్చేశారు. జట్టు 1981-82 సీజన్‌లో 15 మ్యాచ్‌లే గెలిచింది. భవిష్యత్తులో వరుసగా రెండేళ్లు మొదటి రౌండ్ హక్కు లేకుండా పోయేలా ఏ జట్టూ మార్పిడి చేయకూడదన్న నియమం అప్పుడు పుట్టింది, నేటికీ దాన్ని స్టెపియన్ నియమమనే అంటారు. 1983లో జట్టును గోర్డన్ గండ్ కొన్నప్పుడు లీగ్ ఇంకో అడుగు వేసింది. 1983 నుంచి 1986 వరకు ఏడాదికో అదనపు మొదటి రౌండ్ హక్కును కొనుక్కోవడానికి కొత్త యజమానులకు వీలు కల్పించింది. క్లీవ్‌ల్యాండ్ సొంత హక్కుతో డాలస్ 1984లో నాలుగో వంతులో శామ్ పెర్కిన్స్‌ను తీసుకుపోతూ ఉండగా, ఈ అదనపు హక్కుల ఆధారంగా క్లీవ్‌ల్యాండ్ నిలదొక్కుకుంది. 1986లో ఎనిమిదో వంతులో రాన్ హార్పర్ అలా వచ్చినవాడే.

పాత యజమాని చేసిన అప్పును కొత్త యజమాని నెత్తిన వేయకూడదన్న ఈ ఆలోచనే సిమ్యులేషన్ లీగులకు అన్నిటికంటే ఎక్కువగా పనికొచ్చేది. చాలా లీగులు దాన్ని సగమే తీసుకున్నాయి. హక్కుల మార్పిడి మీద పరిమితి పెడతారు, లాటరీ శాతాలు సరిచేస్తారు, ఏకపక్షంగా కనిపించే మార్పిడులను నిర్వాహకుడు ఆపుతాడు. ఖాళీ పడిన జట్టును తీసుకున్న మనిషికి మాత్రం ఏమీ ఇవ్వరు. అది మిగతా జట్లకు అన్యాయమని వాదిస్తారు. నేను దాన్ని ఒప్పుకోను. ముప్ఫై జట్ల లీగులో నాలుగు జట్లకు మేనేజర్లు లేకపోతే మిగిలిన ఇరవై ఆరింటి ఆట కూడా పాడవుతుంది. ఎవరు ఆ నాలుగింటితో ఎక్కువసార్లు తలపడితే వారికి విజయాలు ఉచితం. అదనపు హక్కు ఒకటి, లేదా భారమైన ఒక ఒప్పందం మాఫీ, మొదటి కొన్ని వారాలు ఇతర జట్ల అనుభవజ్ఞులైన మేనేజర్లు వచ్చి కొత్తవాడి ఆటగాళ్లను చౌకగా పట్టుకుపోకుండా మార్పిడుల మీద నిషేధం: వీటికయ్యే ఖర్చు చాలా తక్కువ. షరతు ఒకటి ఉండాలి. ఆ అదనపు హక్కును అమ్మడానికి వీలుండకూడదు. అప్పుడు దాని ఫలం ఆ మేనేజర్ లీగులో ఉంటేనే అతనికి అందుతుంది.

క్లీవ్‌ల్యాండ్ 1988-89 సీజన్‌లో 57 మ్యాచ్‌లు గెలిచింది. ఆ తర్వాత మళ్లీ పడింది, 2002-03లో 17 విజయాలకు దిగజారి, లాటరీలో మొదటి వంతు గెలిచి లెబ్రాన్ జేమ్స్‌ను తీసుకుంది. ఆ రోజుకీ జట్టు గండ్ చేతిలోనే ఉంది. ఆయన దాన్ని అమ్మింది 2005లో, కొన్న 22 ఏళ్లకు.