నీళ్ల బల్ల దగ్గర తెలుగు మాట్లాడవచ్చా? పిల్లల మ్యూజియానికి వచ్చేవారి అపోహలు, వాస్తవాలు

బడులకు సెలవులిచ్చిన వారానికల్లా మా మ్యూజియంలో చీరల మీద స్వెటర్లు కనిపించడం మొదలవుతుంది. బయట ఎండ మండిపోతున్నా లోపలి ఏసీ చలి మన అమ్మమ్మలకు, నానమ్మలకు పడదు. మనవల కోసం ఆరు నెలలు ఉండి వెళ్దామని అమెరికా వచ్చినవారు వాళ్లంతా. పిల్లలు వస్తువులను ముట్టుకుని ఆడుకునే ఈ పిల్లల మ్యూజియంలో నేను పని మొదలుపెట్టి పదకొండేళ్లయింది. రోజంతా పిల్లల మధ్య తిరుగుతూ, ఆట ఆగిన చోట దాన్ని మళ్లీ కదిలించడం నా పని. ఈ పదకొండు వేసవుల్లోనూ ఒకే దృశ్యం చూస్తున్నాను. తల్లో తండ్రో పిల్లవాడి వెంట పరుగెడుతుంటారు. పెద్దావిడ గోడ పక్కన కూర్చుని ఉంటుంది, చేతిసంచులన్నీ ఒళ్లో పెట్టుకుని. నేను వెళ్లి తెలుగులో పలకరిస్తే ముఖం విప్పారుతుంది. "మీరూ వెళ్లి ఆడించండమ్మా" అంటే మాత్రం ముడుచుకుపోతుంది.

"నాకు ఇంగ్లీషు రాదు కదమ్మా. వాడితో తెలుగులో మాట్లాడవద్దని మా అమ్మాయి చెప్పింది. మాటలు ఆలస్యమవుతాయట."

ఆ చివరి "అట" గురించే ఈ రాత. టిక్కెట్లు, రద్దీ, తడిసిన బట్టల వంటి మిగతా అపోహలను చివర్లో గబగబా చెప్పేస్తాను. వాటివల్ల పోయేది ఒక పూటో, కొన్ని డాలర్లో. దీనివల్ల మాత్రం తాతకూ మనవడికీ మధ్య మాటే లేకుండా పోతోంది.

అపోహ: రెండు భాషలు చెవిన పడితే పిల్లలు తికమకపడతారు, మాటలు ఆలస్యంగా వస్తాయి.

అది నిజం కాదు. రెండు భాషలు వినడం వల్ల మాటలు ఆలస్యం కావు, మాటల లోపమూ రాదు. అమెరికాలో స్పీచ్ థెరపిస్టుల జాతీయ సంఘం కూడా ఈ విషయంలో ఇదే చెబుతుంది. ఒక భాష వినే పిల్లలకైనా, రెండు భాషలు వినే పిల్లలకైనా తొలి పలుకులు ఏడాది ప్రాంతంలోనే వస్తాయి. రెండు మాటలు కలిపి అనడం రెండేళ్ల ప్రాంతంలో వస్తుంది. లెక్కపెట్టే తీరులోనే పొరపాటు జరుగుతోంది. పిల్లవాడికి ఇంగ్లీషులో ముప్ఫై మాటలు వచ్చాయనుకోండి, పక్కింటి పిల్లవాడికి యాభై వచ్చాయనుకోండి. తల్లి గుండె జారిపోతుంది. కానీ వాడికి తెలుగులో వచ్చిన పాలు, బువ్వ, అత్త, జేజి, ఇటురా, వద్దు, ఇంకా... వీటిని ఎవరు లెక్కపెట్టారు? రెండు భాషల మాటలూ కలిపి చూడాలి. "తాతా, వాటర్ పొయ్" అన్నాడంటే వాడు తికమకపడినట్టు కాదు. ఏ మాట ముందు చేతికందితే దాన్ని అందుకున్నాడు. మనం పెద్దవాళ్లం కూడా రోజంతా అలాగే మాట్లాడుతున్నాం.

ప్రీస్కూల్లో చేరిన కొత్తలో కొందరు పిల్లలు వారాల తరబడి నోరు విప్పరు. కొత్త భాషను వింటూ, పోగుచేసుకుంటూ ఉంటారు. సరిగ్గా ఆ సమయంలోనే టీచరు "ఇంట్లో ఇంగ్లీషులో మాట్లాడండి" అంటుంది, తల్లిదండ్రులు హడలిపోయి ఇంట్లో తెలుగు ఆపేస్తారు. ఆ టీచరు చెడ్డది కాదు. ఆమెకు తెలియదు, అంతే. నాకూ తెలియలేదు. మా పెద్దవాడికి మూడేళ్లప్పుడు నాకు ఆ సలహా ఎదురైంది. నేను అక్షరాలా పాటించాను. రెండేళ్లపాటు ఇంట్లో అన్నీ ఇంగ్లీషులోనే. అన్నం తినిపించడం, నిద్రపుచ్చడం, కోప్పడటం కూడా. తరువాత మా అమ్మ వచ్చింది. ఐదు నెలలు ఉంది. వాడికి ఏదైనా కావాలంటే అమ్మమ్మ చెయ్యి పట్టుకుని ఫ్రిజ్ దాకా లాక్కెళ్లి వేలుతో చూపించేవాడు. ఆమె ఇచ్చేది. కథ చెప్పమని అడగడానికి మాత్రం వేలుతో చూపించేది ఏముంది? మా ఊళ్లో మా అమ్మ కథ మొదలుపెడితే వీధిలో పిల్లలందరూ అరుగు మీద చేరేవారు. మనవడికి ఒక్క కథైనా చెప్పకుండానే తిరిగి విమానమెక్కింది. మా అబ్బాయికి తరువాత తెలుగు నేర్పుకున్నాం, వాడు కష్టపడి నేర్చుకున్నాడు కూడా. ఆ ఐదు నెలలు మాత్రం తిరిగి రావు. అందుకే ఎవరైనా "తెలుగు వద్దని చెప్పారండీ" అంటే నేను ఊరుకోలేను.

మరొక మాట, భయంతో ఉన్న తల్లిదండ్రుల కోసం. కొందరు పిల్లలకు మాటలు నిజంగానే ఆలస్యమవుతాయి. మీకు ఆ అనుమానం ఉంటే ఆగవద్దు, వాట్సాప్‌లో అడగవద్దు. మూడేళ్లలోపు పిల్లలకైతే మీ రాష్ట్రంలోని ఎర్లీ ఇంటర్వెన్షన్ (ఎదుగుదలలో ఆలస్యం ఉన్న చిన్నపిల్లలకు సాయం చేసే ప్రభుత్వ కార్యక్రమం) వారికి మీరే నేరుగా ఫోను చేయవచ్చు. డాక్టరు చీటీ అవసరం లేదు, పరీక్షకు డబ్బు తీసుకోరు. మూడేళ్లు దాటితే మీ ప్రాంతపు ప్రభుత్వ బడుల కార్యాలయాన్ని అడగాలి. పరీక్ష చేసేవారికి ఇంట్లో తెలుగు కూడా మాట్లాడతామని తప్పకుండా చెప్పండి. ఆలస్యం ఉందని తేలినా సరే, తెలుగు మానేయడం దానికి మందు కాదు. ఆటిజం ఉన్న పిల్లలు కూడా రెండు భాషలు నేర్చుకుంటున్నారు. సాయం కావలసిన పిల్లవాడికి నానమ్మ మాటను కూడా దూరం చేస్తే వాడికి మిగిలేది ఇంకా తక్కువ.

దీనికీ వేసవికీ, మ్యూజియానికీ సంబంధం ఏమిటంటారా? పోయిన జులైలో జరిగింది చెబుతాను.

మా దగ్గర పిల్లల నడుమెత్తున పొడవాటి నీళ్ల బల్ల ఉంది. పై నుంచి నీరు పారుతూ వస్తుంది. చిన్న చిన్న పలకలు ఉంటాయి. వాటిని గాళ్లలో దింపితే నీరు ఆగుతుంది, తీస్తే దూకుతుంది. మూడున్నరేళ్ల పిల్లవాడొకడు పలకలు దింపి ఆనకట్ట కడుతున్నాడు. తండ్రి పక్కనే ఉండి ఇంగ్లీషులో అడుగుతున్నాడు: ఈ పడవ ఏ రంగు? ఆ బాతులు ఎన్ని? పిల్లవాడు తల కూడా ఎత్తడం లేదు. వాడి ధ్యాసంతా పలక అంచు నుంచి కారిపోతున్న నీటి మీద ఉంది. రెండడుగుల వెనుక తాతగారు చేతులు వెనక్కి కట్టుకుని నిలబడి ఉన్నారు. గోదావరి డెల్టాలో జీవితమంతా వరి పండించిన మనిషి అని తరువాత తెలిసింది. ఆయన కళ్లు కూడా ఆ కారే నీటి మీదే ఉన్నాయి.

చివరికి ఆగలేకపోయారు. "గండి పడిందిరా!" అన్నారు.

పిల్లవాడు గిరుక్కున తిరిగాడు. "గండి?"

"అదిగో, అక్కడ. పూడ్చు, పూడ్చు. అలా కాదు, నీరు వచ్చే వైపు నుంచి పూడ్చాలి." ఆయన చొక్కా చేతులు పైకి మడిచారు, మోకాళ్ల మీద కూర్చున్నారు. పడవలు పెట్టే బుట్టలో ఫోమ్ ముక్కలుంటే తీసి గండికి అడ్డం కుక్కారు. తరువాత రెండో పలకను కొంచెం ఎత్తి, "ఇది మడవ. ఇటు మడవ తీస్తే ఈ చేలోకి నీరు, ఇటు తీస్తే ఆ చేలోకి" అని చూపించారు. నీరు ఒలకడం, పొంగడం, చిందడం, తొణకడం, పడవ మునగడం, తేలడం. ఆ పావుగంటలో ఆ పిల్లవాడి చెవిన పడిన క్రియలు ఏ బొమ్మల పుస్తకంలోనూ దొరకవు. ప్రతి మాటా వాడి చేతిలో ఉన్న నీటికి అంటుకుని వచ్చింది. కాసేపటికి పక్కన ఉన్న స్పానిష్ మాట్లాడే పాప కూడా "గండీ!" అని అరుస్తూ ఫోమ్ ముక్కలు అందించింది. తండ్రి ఫోను జేబులో పెట్టుకుని బాతులు, పడవలు పక్కకు తీసి వాళ్లకు చోటు చేశాడు.

మేము ఎగ్జిబిట్ల పక్కన పెద్దవాళ్ల కోసం చిన్న బోర్డులు పెడతాం, పిల్లలను ఏమి అడగవచ్చో సూచిస్తూ. నీళ్ల బల్ల దగ్గరి బోర్డు రాసినవారిలో నేనూ ఉన్నాను. ఆ తాతగారు నేర్పిన దానిలో పదో వంతు కూడా అందులో లేదు.

మొక్కజొన్న గింజల తొట్టి దగ్గర ఇంకొక నానమ్మ. చిన్న డబ్బాతో గింజలు కొలిచి పోస్తూ "లాభం, రెండు, మూడు..." అని లెక్కపెడుతోంది. మనవరాలికి ఐదేళ్లు, తెలుగు అంకెలు వచ్చు. "నానమ్మా, ఒకటి అనాలి!" అని సరిదిద్దింది. ధాన్యం కొలిచేటప్పుడు మొదటిదాన్ని లాభం అంటారని నానమ్మ చెప్పింది. ఏడు దగ్గరికి వచ్చేసరికి "ఆరున్నొక్కటి" అంది. ఎందుకని ఆ పాప అడిగితే, "ఏడు అంటే ఏడవమని కూడా అర్థం కదే, ధాన్యం ముందు ఆ మాట అనకూడదు" అని జవాబు. ఆ పాప తొట్టి చుట్టూ ఉన్న పిల్లలందరికీ ఆ సంగతి ఇంగ్లీషులో వివరించింది. తెలుగు వల్ల ఇంగ్లీషు ఎక్కడ తగ్గింది? చెప్పడానికి విశేషం దొరికితే పిల్లలకు ఇంగ్లీషు దానంతట అదే వస్తుంది. బడిలో, పార్కులో, టీవీలో ఎటు చూసినా అదే ఉంది. తెలుగు మాత్రం ఆ గోడ పక్కన ఒళ్లో సంచులతో కూర్చున్న మనిషి దగ్గరే ఉంది.

ఇక మిగతావి.

"ఏదీ ముట్టుకోకు." మన తాతలు, నానమ్మలు ఎక్కువగా అనే మాట ఇదే. వారిది తప్పు కాదు. సాలార్ జంగ్ మ్యూజియంలో గడియారంలోంచి గడ్డం మనిషి వచ్చి గంట కొట్టేదాకా చేతులు కట్టుకుని నిలబడి చూసిన తరం మనది. పిల్లల మ్యూజియం వేరు. 1899లో న్యూయార్క్‌లోని బ్రూక్లిన్‌లో మొదటిది తెరిచినప్పటి నుంచీ పిల్లలు వస్తువులను చేతుల్లోకి తీసుకోవాలన్నదే ఆలోచన. బోస్టన్ పిల్లల మ్యూజియానికి 1962లో డైరెక్టరుగా వచ్చిన మైకేల్ స్పాక్ వస్తువులను అద్దాల బీరువాల్లోంచి బయటికి తెప్పించాడు. ముట్టుకోనివ్వండి. విరిగితే మేము బాగుచేసుకుంటాం.

"టిక్కెట్టు కొన్నాం కదా, అన్నీ చూడాలి." వద్దు. గంటంతా బుడగల దగ్గరే ఉండిపోయాడా? ఆ గంట బాగా గడిచింది. ఏడుస్తున్న పిల్లవాడిని చెయ్యి పట్టి తరువాతి గదికి ఈడ్చుకెళ్లేవారిని చూస్తే నాకు ప్రాణం ఉసూరుమంటుంది. బయటికి వెళ్లేటప్పుడు "ఏం నేర్చుకున్నావు?" అని అడగడం కూడా మానండి. మూడేళ్లవాడు దానికి జవాబు చెప్పలేడు. "గండి ఎలా పూడ్చావు?" అంటే చెబుతాడు.

"నీళ్లలో ఆడితే జలుబు చేస్తుంది." జలుబు వైరస్ వల్ల వస్తుంది, నీళ్లలో ఆడినందుకు కాదు. తడి బట్టలతో ఏసీలో వణికితే బాధ మాత్రం నిజం, కాబట్టి ఒక జత పొడి బట్టలు తెచ్చుకోండి. జలుబు నుంచి తప్పించుకోవాలంటే తినే ముందు చేతులు సబ్బుతో కడిగించండి. అసలు ఉపాయం అదే.

"పిల్లలను వదిలి షాపింగ్‌కు వెళ్లిరావచ్చు." కుదరదు. పిల్లలతో ఒక పెద్దమనిషి ఉండి తీరాలి. అలాగే పిల్లలు లేకుండా పెద్దవాళ్లను మామూలుగా లోపలికి రానివ్వం. విడిగా డబ్బు కట్టి చేర్చే సమ్మర్ క్యాంపుల సంగతి వేరు, వాటి నియమాలు వేరు.

"చాలా ఖరీదు." కుటుంబమంతా తలుపు దగ్గర టిక్కెట్టు కొంటే ఖరీదే. కానీ ముందు మీ ఊరి లైబ్రరీలో అడగండి. చాలా లైబ్రరీలు మ్యూజియం పాసులు అరువిస్తాయి. వేసవిలో వాటికి గిరాకీ ఎక్కువ కనుక ముందుగానే రాయించుకోవాలి. ఏడాది సభ్యత్వం తీసుకుంటే అందులో తాతానానమ్మల పేర్లు చేర్చవచ్చేమో అడగండి, చాలామందికి ఆ సంగతి తెలియదు. పిల్లల మ్యూజియాల పరస్పర సభ్యత్వం ఉంటే వేరే ఊళ్లలో కూడా ఆ ఒప్పందంలో ఉన్న మ్యూజియాలలో ఆరుగురి వరకు సగం ధరకే వెళ్లవచ్చు. సెలవుల్లో కారు ప్రయాణాలు చేసేవారికి ఇది బాగా కలిసివస్తుంది. ప్రభుత్వ ఆహార సాయం కార్డు ఉన్నవారికి 'మ్యూజియమ్స్ ఫర్ ఆల్' అనే పథకం కింద, అందులో చేరిన మ్యూజియాలలో నలుగురి వరకు మనిషికి మూడు డాలర్లు లేదా అంతకన్నా తక్కువే. కౌంటరు దగ్గర కార్డు చూపితే చాలు. వెనుకాడవద్దు, ఆ పథకం ఉన్నదే అందుకు.

రద్దీ గురించి. పొద్దున పది నుంచి మధ్యాహ్నం దాకా క్యాంపుల బస్సులు వరుసగా వస్తాయి. మా దగ్గరైతే రెండున్నర తరువాత బస్సులు వెళ్లిపోతాయి, చిన్నపిల్లలు నిద్రకు ఇళ్లకు పోతారు. మీ మ్యూజియానికి ఒకసారి ఫోను చేసి అడిగితే వాళ్లే చెబుతారు. వినికిడి తగ్గిన పెద్దవారు తోడుంటే ఆ ప్రశాంతమైన వేళకే రండి. హోరులో మనవడి గొంతు వారికి వినబడదు, అప్పుడు మళ్లీ గోడ పక్కకే చేరతారు.

అమ్మాయిలూ, అబ్బాయిలూ, ఈసారి వచ్చినప్పుడు సంచులు లాకరులో పెట్టండి. అమ్మను నీళ్ల బల్ల దాకా మీరే చెయ్యి పట్టుకుని తీసుకెళ్లండి. ఏ భాషలో మాట్లాడాలని ఆమె అడగకముందే మీరు తెలుగులో మొదలుపెట్టండి. పొడి బట్టల సంచిలో పిల్లవాడి జతతో పాటు తాతగారికీ ఒక చొక్కా పెట్టుకురండి. పోయిన జులైలో ఆయన మోచేతుల దాకా తడిసి, అల్లుడి కోటు కప్పుకుని ఇంటికి వెళ్లారు.