మేడెక్కితే మారే రాష్ట్రం

ఆంధ్రా సరిహద్దుకి ఆనుకుని ఒడిశాలో ఉన్న పర్లాకిమిడిలో మా మావయ్యకు కిరాణా కొట్టుంది. ఆయన సిమ్ము ఆంధ్రాలో తీసుకున్నది. గల్లాపెట్టె దగ్గర కూర్చుంటే ఫోన్‌లో ఒడిశా సర్కిల్ కనిపిస్తుంది, మేడెక్కితే ఆంధ్రాలోని పాతపట్నం వైపు టవర్ అందుకుంటుంది. "ఇదేట్రా, బట్టలారెయ్యడానికెల్తే రాష్ట్రం మారిపోతంది!" అని విసుక్కుంటాడు.

అందులో ఫోన్ తప్పేమీ లేదు. పక్క సర్కిల్‌లో ఉన్న ఫోన్, సొంత సర్కిల్ దొరుకుతుందేమోనని ఉండుండి వెతుకుతుంది. ఎంతసేపటికోసారి వెతకాలో సిమ్ములోనే రాసుంటుంది, 6, 12, 18 నిమిషాలు, ఇలా ఆరేసి లెక్కన. దొరికితే అటు దూకుతుంది, సిగ్నల్ పలచబడితే ఇటొస్తుంది.

చిక్కేమిటంటే, దొంగ టవర్ వలలో పడ్డ ఫోన్ కూడా పైకి ఇలాగే కనిపిస్తుంది. సూట్‌కేసులో పట్టే పెట్టె ఒకటి గట్టి సిగ్నల్ వదిలి "నేనే టవర్‌ని" అంటుంది. 1991లో ఫిన్లాండ్‌లో మొదలైన జీఎస్ఎం, అంటే మన 2జీ, ఫోన్‌ని నువ్వెవరని నిలదీస్తుంది గానీ టవర్‌ని నిలదీసే ఏర్పాటు అందులో లేదు. 404 లేదా 405తో మొదలయ్యే సిమ్ము గుర్తింపు సంఖ్య అడిగితే ఫోన్ అప్పజెప్పేస్తుంది. మాటలకు తాళం, అంటే ఎన్‌క్రిప్షన్, అక్కర్లేదని టవర్ చెబితే సరేనంటుంది. 3జీతో రెండువైపులా తనిఖీ వచ్చింది. అయినా 4జీలో ఆ తనిఖీకి ముందు నడిచే కొన్ని సందేశాలకు రక్షణ లేదు, వాటితో ఫోన్‌ని 2జీలోకి దింపేయొచ్చు. గుర్తింపు సంఖ్యను కప్పి పంపే పద్ధతి 5జీలో గానీ రాలేదు.

మరి దొంగను కనిపెట్టడమెలా? తెలిసిన దొంగల ఆనవాళ్లు రాసిపెట్టుకుని పోల్చడం ఒక దారి. కంప్యూటర్లలోకి చొరబడేవాళ్లని పట్టడానికి 1987లో డొరొతీ డెనింగ్ అనే పరిశోధకురాలు ప్రతిపాదించిన నమూనాలో ఇంకో దారి ఉంది: మామూలు నడతేమిటో ముందు లెక్కగట్టి, దాన్ని తప్పినదాన్ని అనుమానించాలి. కొత్త మనిషిని చూసి వీధికుక్క మొరుగుతుందే, అలా. ఫోన్ విషయంలో అనుమానించాల్సినవి: మునుపు చూడని టవర్ నంబరు, ఉన్నట్టుండి పెరిగిన సిగ్నల్, టవర్ల గుంపుకుండే ఏరియా కోడ్ మారడం, 4జీ నుంచి 2జీకి జారడం.

ఇప్పుడు మా మావయ్యని మేడ మెట్లెక్కమనండి. వీటిలో రెండు మూడు గుర్తులు ఆయన పైకెళ్లేలోపే కనబడతాయి. విశాఖ నడిబొడ్డున మామూలు నేర్చుకున్న నిఘా ప్రోగ్రామ్‌ని తెచ్చి ఈ వీధిలో పెడితే రోజంతా మొరుగుతూనే ఉంటుంది.

ఎంత మొరుగుతుందో చూద్దాం. ఒక ఊళ్లో రోజుకి లక్ష టవర్ మార్పులు, వాటిలో దొంగది ఒకటే అనుకోండి. ప్రోగ్రామ్ నూటికి ఒక్కసారే పొరబడుతుందనుకున్నా దాదాపు 1,000 ఉత్తుత్తి కేకలొస్తాయి. నిజం కేక వాటి మధ్యెక్కడో ఒక్కటి. స్టెఫాన్ ఆక్సెల్సన్ అనే కంప్యూటర్ భద్రత పరిశోధకుడు 1999లో చూపించిన ఇబ్బంది ఇదే. "99 శాతం కచ్చితం" అని అమ్మేవాళ్లని నేనైతే ముందు అడిగేది, రోజుకెన్ని ఉత్తుత్తి కేకలని.

సరిహద్దులో 'మామూలు'ని వీధి వీధికీ విడిగా నేర్పాలి. మేడ మీద నిన్న కనబడ్డ టవర్లే ఇవాళా కనబడాలి కదా, అవి నడిచిపోవు. ఒక్క ఫోన్ మాట నమ్మకుండా ఇరుగుపొరుగు ఫోన్లనీ అడగాలి. టవర్లే లేకుండా ఒకదానికొకటి కలిసే నెట్‌వర్కుల గురించి 2000లో జాంగ్, లీ అనే ఇద్దరు పరిశోధకులు చెప్పిందీ ఇలాంటిదే: ప్రతి పరికరమూ తన చుట్టూ తాను చూసుకుంటూ, అనుమానమొస్తే పక్కవాటితో సంప్రదించాలి.

ఆండ్రాయిడ్ 12 నుంచి కొన్ని ఫోన్లలో 2జీ ఆపేసే మీట ఉంది. మొన్న మావయ్య ఫోన్‌లో దానితో 2జీ ఆపొచ్చాను. సాయంత్రానికే ఫోను. "ఒరే, వెనక గోడౌన్లో ఒక్క గీతా లేదు. బియ్యం లారీ వోడు ఎన్నిసార్లు కొట్టాడో ఏటో!"

2జీ మళ్లీ వేయించాను.