కాటా చీటీకి వచ్చిన చిక్కు: 2012లో కప్స్ ఏం వదిలేసింది?

రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి వైపు కాటాల దగ్గరా జిరాక్సు షాపుల్లోనూ మళ్లీ అదే గొడవ మొదలైంది. కంప్యూటరుకి లినక్సు కొత్త కూర్పు వేయించుకుని, పాత డాట్ మ్యాట్రిక్సు ప్రింటరుకి క్యూ (ప్రింటు పనులు వరసగా వెళ్లే దారి) కట్టబోతే, లినక్సులో ప్రింటు పనులు చూసుకునే కప్స్ అనే ప్రోగ్రాము నుంచి తెర మీద హెచ్చరిక వస్తోంది: రా క్యూలకి (ఫైలుని ఏ మార్పూ లేకుండా ప్రింటరుకి పంపే వరసలకి) కాలం చెల్లింది, రాబోయే కప్స్‌లో పనిచెయ్యవు. డ్రైవరు (ఫైలుని ప్రింటరుకి తగ్గట్టు మార్చే ప్రోగ్రాము) పెట్టి కట్టినా ఇంచుమించు అదే మాట. కప్స్ 3 పని ముందుకు సాగుతున్నకొద్దీ ‘బాగున్న ప్రింటరుని పారేసుకోవాలా?’ అన్న తగువు ముదురుతోంది.

యూనిక్సు శాఖలైన బెర్క్‌లీ నుంచి ఎల్‌పీఆర్, సిస్టమ్ ఫైవ్ నుంచి ఎల్‌పీ అనే ప్రింటు ఆదేశాలు ఎలా వచ్చాయో, 1999లో మైకేల్ స్వీట్ బయటికి తెచ్చిన కప్స్ ఆ రెండు ఆదేశాలనీ ఎలా కలిపిందో ఈ పని తెలిసినవాళ్లకి మళ్లీ చెప్పక్కర్లేదు. ఇప్పటి తగువుకి మూలం అక్కడ లేదు. 2012 జూలైలో విడుదలైన కప్స్ 1.6లో ఉంది.

అప్పటికి అయిదేళ్లుగా కప్స్ యాపిల్ చేతిలో ఉంది. 2007లో ఆ సంస్థ స్వీట్‌ని ఉద్యోగంలోకి తీసుకుని, కోడు హక్కులూ కొనేసింది. 2010లో ఎయిర్‌ప్రింట్ వచ్చింది. ఫోను నుంచి డ్రైవరు లేకుండా ప్రింటు తియ్యడమే దాని లక్ష్యం. ఆ దారిలో నడవడానికి అక్కర్లేనివన్నీ బరువుగా కనిపించాయి. 1.6లో రెండు పెద్ద ముక్కలు బయటికొచ్చాయి. ఒకటి, మ్యాక్‌కి అవసరం లేని ఫిల్టర్లు. అంటే పంపిన ఫైలుని ప్రింటరుకి అర్థమయ్యే రూపంలోకి మార్చే చిన్న ప్రోగ్రాములు. రెండోది, నెట్‌వర్కులోని క్యూలు ఒకదాన్నొకటి కనిపెట్టే పాత పద్ధతి. లినక్సు వాడేవాళ్లకి ఈ రెండూ కావాలి. లినక్సు ప్రింటింగ్ పని చూసే ఓపెన్‌ప్రింటింగ్ బృందాన్ని నడిపే టిల్ కంప్‌టర్, ఆయనతో ఉన్న కొద్దిమంది వాటిని కప్స్-ఫిల్టర్స్ పేరుతో తలకెత్తుకున్నారు. పాత క్యూలని వెతికే పనికి కప్స్-బ్రౌజ్డ్ పుట్టింది.

వదిలేసింది ప్రపంచంలోకెల్లా సంపన్నమైన సంస్థల్లో ఒకటి, ఎత్తుకున్నది గుప్పెడు మంది. ఆ తర్వాత జరిగిందంతా ఈ తేడాలోంచే వచ్చింది.

మన వైపు కాటా దగ్గర నిలబడి చూస్తే ఇందులో పోయేదేమిటో తెలుస్తుంది. జేకేపూర్ పేపరు మిల్లుకి కర్ర తోలే లారీ అయినా, గుణుపురం పత్తి బండి అయినా తూకం చీటీ ఒక్క ప్రతితో సరిపోదు. డ్రైవరుకొకటి, సరుకు ఆసామికొకటి, కాటాలో ఉంచుకునేదొకటి. కార్బను మీద ఒకే దెబ్బకి మూడూ తీసేది సూదులతో కొట్టే ప్రింటరే. లేజరు, ఇంక్‌జెట్ కాగితాన్ని కొట్టవు, కాబట్టి వాటితో కార్బను ప్రతి రాదు. డాట్ మ్యాట్రిక్సు ప్రింటర్లలో చాలావాటికి ఎప్సన్ పెట్టిన ఈఎస్‌సీ/పీ భాష వచ్చు. బండి నంబరు, బరువు, టైము అక్షరాలుగా పంపితే తనలో ముందే ఉన్న అచ్చులతో అప్పటికప్పుడు కొట్టేస్తుంది. ఎల్‌పీకి ‘మైనస్ ఓ రా’ చేర్చేది అందుకే: మధ్యలో ఎవరూ ముట్టుకోకుండా ఉన్నదున్నట్టు పంపమని.

రా అన్నంత మాత్రాన అదుపు లేదని కాదు. ఎల్‌పీ కొట్టగానే పనికొక నంబరు పడుతుంది. పనుల స్థితి చూపే ఎల్‌పీస్టాట్ ఆదేశానికి మైనస్ ఓ ఇస్తే వరసలో ఏమున్నాయో, మైనస్ పీ ఇస్తే ప్రింటరు నడుస్తోందో నిలిచిందో చెబుతుంది. తప్పు బండి నంబరుతో వెళ్లిన చీటీని, ఇంకా అచ్చు కాకపోతే, దాని నంబరు చెప్పి క్యాన్సిల్‌తో ఆపొచ్చు. ఏదో లోపం వచ్చి క్యూ నిలిచిపోతే, సరిచేశాక కప్స్‌ఎనేబుల్‌తో మళ్లీ కదిలించవచ్చు. అయిపోయిన పనుల జాబితా తీసి సాయంత్రం చీటీల పుస్తకంతో సరిచూసుకోవచ్చు. తూకం మీద డబ్బు చేతులు మారే చోట ఈ లెక్క చిన్న విషయం కాదు.

ఇక తెలుగు సంగతి. అలాంటి ప్రింటర్లలో చాలావాటి అచ్చుల్లో తెలుగూ ఉండదు, ఒడియా కూడా ఉండదు. అందుకే చీటీల మీద ఊళ్ల పేర్లు ఇంగ్లీషు అక్షరాల్లో ఉంటాయి. తెలుగు కావాలంటే ఫిల్టరు గుండా వెళ్లి బొమ్మగా పడాలి. కానీ మామూలు టెక్స్టు ఫైలుని పీడీఎఫ్‌గా మార్చే ఫిల్టరుకి మన గుణింతాలు, వత్తులు కూర్చడం రాదు. అక్షరాలు కూర్చే పాంగో లైబ్రరీని వాడుకునే ప్యాప్స్ లాంటి ప్రోగ్రాము ముందు నడవాలి, లేదా లిబ్రెఆఫీసులో పీడీఎఫ్ చేసి పంపాలి. పెళ్లి శుభలేఖ మీద ఒక పక్క తెలుగు, రెండో పక్క ఒడియా వేసే డీటీపీ షాపులన్నీ పీడీఎఫ్ దారే పట్టాయి. ఆ దారిని లినక్సులో నిలబెట్టింది కూడా 2012లో బయట పడ్డ ఫిల్టర్ల మూటే. 2006లో అట్లాంటాలో జరిగిన ప్రింటింగ్ సమావేశంలో పేజీని వర్ణించే పాత భాష పోస్ట్‌స్క్రిప్టు బదులు పీడీఎఫ్‌ని ప్రింటు పనుల రూపంగా తీసుకోవాలనుకున్నారు. ఆ నిర్ణయాన్ని కాపాడుకొచ్చింది ఓపెన్‌ప్రింటింగ్ వాళ్లే.

2024 సెప్టెంబరులో భద్రతా పరిశోధకుడు సిమోనె మార్గరిటెల్లి ఒక భద్రతా లోపం బయటపెట్టారు. కప్స్-బ్రౌజ్డ్ యూడీపీ 631 పోర్టు (నెట్‌వర్కు కబుర్లు అందుకునే తలుపు లాంటిది) మీద ఎవరు పలకరించినా నమ్మేది. దొంగ ప్రింటరుని చేర్పించి, దాని వివరాల ఫైల్లో ఒక ఆదేశం దాచిపెడితే, ఎవరైనా ఆ ప్రింటరుకి పని పంపినప్పుడు ఆ ఆదేశం నడిచేది. ‘పాత ప్రింటర్లని మోస్తే ఇంతే’ అని అప్పట్లో చాలామంది తేల్చేశారు. ఆ మాట సరికాదు. ఆ లోపానికి రా క్యూ కారణం కాదు. 2012లో తీసేసిన పద్ధతి స్థానంలో నిలబెట్టిన ప్రోగ్రాములోనే తలుపు తెరిచి ఉంది.

కప్స్ రాసేవాళ్ల వాదనా వినాలి. దొంగ ఆదేశం దాగింది పీపీడీ అనే వివరాల ఫైల్లో. అడోబీ ఆ నిర్దేశానికి ఇచ్చిన చివరి కూర్పు 1996 నాటిది. ఇవాళ అమ్ముడయ్యే ప్రింటర్లలో చాలావాటికి అదేమీ అక్కర్లేదు, ప్రింటరుతో నెట్‌వర్కులో మాట్లాడే ప్రామాణిక పద్ధతి ఐపీపీ చాలు. డ్రైవర్లకీ రా క్యూలకీ కాలం చెల్లిందన్న హెచ్చరిక కూడా యాపిల్ హయాంలోనే వచ్చింది. స్వీట్ 2019 డిసెంబరులో యాపిల్ వదిలి వచ్చాక ఓపెన్‌ప్రింటింగ్ వైపు కప్స్ మళ్లీ కదిలింది, 2021లో 2.4 విడుదలైంది. పాత ప్రింటర్ల కోసం ప్రింటర్ అప్లికేషన్లు రాశారు. అవి పాత డ్రైవరుని లోపల పెట్టుకుని, బయటికి కొత్త ఐపీపీ ప్రింటరులా కనిపిస్తాయి. లేజరు ప్రింటర్లున్న షాపుల్లో చాలావాటికి అది సరిపోవచ్చు.

కాటాకి సరిపోదు. అక్కడ కావాల్సింది మార్పిడి కాదు, ఏ మార్పూ లేకుండా దాటించడం. ‘అయితే నేరుగా యూఎస్‌బీ పరికరం ఫైల్లోకి రాసెయ్యండి’ అని సలహా ఇచ్చేవాళ్లున్నారు. అలా రాయొచ్చు, చీటీ కూడా పడుతుంది. కానీ అప్పుడు నంబరు ఉండదు, ఎల్‌పీస్టాట్‌కి ఏమీ కనిపించదు, క్యాన్సిల్ చెయ్యడానికి పనంటూ ఉండదు. ఒక ప్రోగ్రాము రాస్తుండగా రెండోది రాయబోతే పరికరం ఖాళీగా లేదని లోపం వస్తుంది, ఆ చీటీ వరసలో నిలబడదు.

దారి లేకపోలేదు. స్వీట్ రాసిన ఎల్‌ప్రింట్ లేబుల్ ప్రింటర్లకి వాటి సొంత భాషలోనే ఫైళ్లని అందిస్తుంది, పనుల వరసనీ చూసుకుంటుంది. ఆ సదుపాయం ఈఎస్‌సీ/పీ డాట్ మ్యాట్రిక్సుకీ కావాలని కాటాల వాళ్లు అడుగుతున్నారు. కప్స్ 2.4లో మాత్రం రా క్యూ హెచ్చరించి ఊరుకుంటోంది, చీటీ పడుతోంది.