గాలి తిరిగే వేళ

ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, 61 రోజులపాటు, తూర్పు తీరంలో మరపడవల వేటపై నిషేధం ఉంటుంది కనుక వేసవిలో కాకినాడ అఖాతంలో ఇంజన్ల చప్పుడు బాగా తగ్గిపోతుంది. అలాంటి ఒక మే నెల తెల్లవారుజామున నేనూ, నా చిన్ననాటి స్నేహితుడూ అతని తెరచాప పడవలో హోప్ ఐలాండ్ వైపు బయలుదేరాం. గోదావరి తెచ్చిన ఇసుకను సముద్ర ప్రవాహాలు పేర్చుకుంటూ పోగా సుమారు 16 కిలోమీటర్ల పొడవున ఏర్పడిన ఆ దిబ్బ అలలను అడ్డుకోవడం వల్లనే అఖాతం చిన్న పడవలకు అనువుగా ఉంటుంది.

రాత్రంతా చల్లబడిన నేల మీదినుంచి నీటివైపు వీచే భూపవనం బలహీనమైనదే అయినా మమ్మల్ని తూర్పుకు నడిపించింది. పది గంటలు దాటాక అదీ ఆగిపోయి, తెరచాప ఆరేసిన చీరలా వేలాడింది. తెడ్డు అందుకోబోతే స్నేహితుడు వారించాడు: "ఆగరా, గాలి తిరుగుతోంది."

పగటిపూట గాలి ఇలా సముద్రం నుంచి నేలవైపు ఎందుకు తిరుగుతుందంటే, నీటికి విశిష్టోష్ణం (ఒక డిగ్రీ వేడెక్కడానికి కావలసిన వేడి) ఎక్కువ కనుక సముద్రం నేలకన్నా నెమ్మదిగా వేడెక్కుతుందని బడిలో చదువుకున్నాం. అది నిజమే, ఒక కిలో నీటిని ఒక డిగ్రీ వేడి చేయడానికి సుమారు 4.2 కిలోజౌళ్లు కావాలి, పొడి ఇసుకకు అందులో అయిదో వంతు చాలు. కానీ నా దృష్టిలో ఆ జవాబు సగమే. ఇసుకలో ఎండ వేడి పైనున్న కొద్ది సెంటీమీటర్లలోనే చిక్కుకుపోతుంది. సముద్రంలోనైతే వెలుగు లోపలికి దిగుతుంది, అలలు పైనీటిని కిందికి కలిపేస్తాయి, ఆవిరయ్యే నీరు కొంత వేడిని వెంట తీసుకుపోతుంది. అందుకే ఒడ్డున ఇసుక 50 డిగ్రీలు దాటే మధ్యాహ్నం కూడా బంగాళాఖాతం ఉపరితలం 30 డిగ్రీల దగ్గరే ఉంటుంది. నేలమీది వేడిగాలి పైకి లేచేకొద్దీ అక్కడ పీడనం తగ్గి, సముద్రం మీది చల్లని గాలి ఒడ్డుకు కదులుతుంది.

అది రావడం కంటికి కనిపించింది. అద్దంలాంటి నీటిపై తూర్పున ఒక నల్లని గీత పుట్టి, దగ్గరయ్యేకొద్దీ సన్నని ముడతలుగా విడిపోయింది. మొదట మెడ వెనక చల్లదనం తగిలింది, ఆ తరువాతే తెరచాప నిండింది. పడమటి వడగాలి బలంగా వీచే రోజుల్లో ఈ గాలి ఆలస్యమవుతుంది, ఒక్కోసారి ఒడ్డుకు చేరనే చేరదు. తీరాంధ్ర ఉడికిపోయేది ముఖ్యంగా ఆ రోజుల్లోనే.

తిరుగు ప్రయాణంలో మొదట వాలుగాలి సరిగ్గా వీపును తోసింది. గంటలు గడిచేకొద్దీ, భూభ్రమణం వల్ల మన ఉత్తరార్ధగోళంలో గాలి కుడివైపుకు మళ్లుతుంది కనుక, తూర్పుగాలి కాస్తా ఆగ్నేయానికి, ఆపైన దక్షిణానికి జరిగింది. పడవ మాత్రం పడమటికే పోతోంది. గాలి ఎడమ భుజానికి తగలడం మొదలుకాగానే, స్నేహితుడు మాట్లాడకుండా తెరచాప తాడును రెండు మూరలు లోపలికి లాగి ముడివేశాడు.