ప్లస్సా, మైనస్సా?

2003 ప్రాంతంలో కంప్యూటర్ దుకాణానికి వెళ్లి ఖాళీ డీవీడీ కావాలంటే ముందు ఎదురు ప్రశ్న వచ్చేది: ప్లస్సా, మైనస్సా? అంటే డీవీడీ+ఆర్ కావాలా, డీవీడీ-ఆర్ కావాలా అని. చూడటానికి రెండూ ఒక్కలాగే ఉండేవి. రెండింటిలోనూ పట్టేది 4.7 జీబీ. (కంప్యూటర్‌లో పెడితే 4.38 అని కనిపించేది. దుకాణదారు మోసం చేశాడనుకున్నవాళ్లున్నారు గానీ, తయారీదారు వెయ్యితో, కంప్యూటర్ 1024తో లెక్కగట్టడమే దానికి కారణం.) రెండింటి మీదా పనిచేసేది 650 నానోమీటర్ల ఎర్ర లేజరే.

మైనస్ ఆర్ ముందు పుట్టింది (ఆర్ అంటే ఒక్కసారే రాయగలిగేది). 1997లో పయనీర్ తెచ్చిన ఈ డిస్కులో మొదట్లో 3.95 జీబీయే పట్టేది. కంపెనీలన్నీ కలిసి పెట్టుకున్న డీవీడీ ఫోరం దీన్ని ఆమోదించింది. సోనీ, ఫిలిప్స్, హెచ్‌పీ, రికో వంటివి మాత్రం వేరు కుంపటి పెట్టి 2001లో చెరిపి మళ్లీ రాసుకునే ప్లస్ ఆర్‌డబ్ల్యూని, మరుసటి ఏడు ప్లస్ ఆర్‌ని బజారులోకి దించాయి. పేటెంట్ రుసుముల మీద కన్ను లేకుండా ఇలాంటి గొడవలు జరగవు. సాంకేతికంగా తేడా లేకపోలేదు కూడా.

ఖాళీ డిస్కు నిజానికి ఖాళీగా ఉండదు. అచ్చుపోసేటప్పుడే దానిమీద లోపలి నుంచి అంచు దాకా చుట్లు తిరిగే ఒక సన్నని గాడి పడుతుంది. చుట్టుకీ చుట్టుకీ ఎడం 0.74 మైక్రాన్లు. ఆ గాడి తిన్నగా ఉండదు, సన్నగా వంకర్లు పోతుంది. డ్రైవ్ ఆ వంకర్లను బట్టి వేగం సరిచూసుకుంటుంది. అయితే ఇంకా ఏమీ రాయని డిస్కులో తానెక్కడున్నదీ దానికి ఎలా తెలియాలి? రెండు పక్షాలూ విడిపోయింది ఇక్కడే. మైనస్ డిస్కులో గాడుల మధ్య గట్టు మీద రోడ్డు పక్క మైలురాళ్లలా చిన్న చిన్న గుంటలుంటాయి, చిరునామా వాటిలో ఉంటుంది. ప్లస్ డిస్కులో ఆ రాళ్లుండవు, రోడ్డు మలుపుల్లోనే దూరం రాసి ఉంటుంది. మామూలు వేగంలో మైనస్ గాడి వంకరల తరచుదనం 140.6 కిలోహెర్ట్జ్ అయితే ప్లస్‌ది 817.4. వంకరలు అంత దగ్గరగా ఉండటంతో ప్లస్ డ్రైవ్ తన చోటును మరింత కచ్చితంగా పట్టుకుంటుంది. రాత మధ్యలో ఆగినా, ఆగినచోటి నుంచే అతుకు తెలియకుండా అందుకుంటుంది.

ఈ సౌకర్యమంతా రాసేటప్పటిదే. రాత పూర్తయ్యాక ప్లేయర్‌కు ఆ మైలురాళ్లతో పనిలేదు, డేటాలోనే దాని చిరునామా ఉంటుంది. ప్లస్‌లో బొమ్మ బాగా వస్తుందని అప్పట్లో చెప్పిన మాటలు ఉత్తవే.

పాత ప్లేయర్లు పేచీ పెట్టడం మాత్రం నిజం. తాను ఏ రకమో చెప్పే ఒక చిన్న గుర్తు ప్రతి డిస్కులోనూ ఉంటుంది. ప్లస్ ఆర్ అనే గుర్తు కనిపిస్తే కొన్ని ప్లేయర్లు వెనక్కి తోసేసేవి. అందుకే కొన్ని డ్రైవులు ప్లస్ డిస్కు మీద ‘నేను మామూలు డీవీడీ-రోమ్‌ని’ (అంటే బజారులో కొనే అచ్చు డిస్కుని) అని దొంగగుర్తు వేసేవి, ప్లేయర్ నమ్మేసేది! మైనస్‌లో ఆ గుర్తు ముందే అచ్చయి ఉంటుంది కాబట్టి ఈ చిట్కా కుదరదు. చెరిపి రాసుకునే ఆర్‌డబ్ల్యూలది ఇంకో బాధ. వాటి లోహమిశ్రమ పొర కాంతిని తక్కువగా తిప్పికొడుతుంది, దాంతో కొన్ని ప్లేయర్లు వాటిని రెండు పొరల డిస్కులుగా పొరబడేవి.

మూడో పోటీదారు డీవీడీ-ర్యామ్. చెరిపి రాయడానికి ఇదే మేలు: మామూలు ఆర్‌డబ్ల్యూ వెయ్యిసార్లకు మాటిస్తే ఇది లక్షసార్లకిచ్చింది. హార్డ్ డిస్కులా ఎక్కడ కావాలంటే అక్కడ రాసుకోవచ్చు. కానీ చాలా ప్లేయర్లలో ఆడదు. చుట్టాలింటికి పట్టుకెళ్లి చూపించలేని పెళ్లి వీడియో ఎవరికి కావాలి?

2002లో సోనీయే రెండు రకాలూ రాసే డ్రైవ్ తెచ్చింది. మిగతావాళ్లూ అదే దారి పట్టారు. గొడవ ఎవరూ గెలవకుండానే చల్లారింది.

ఇవాళ ఇంట్లో పాత డిస్కులున్నవాళ్లు పట్టించుకోవలసింది వేరే విషయం. బజారులో కొన్న సినిమా డీవీడీలో సమాచారం గుంటలుగా అచ్చుపడి ఉంటుంది. రాసుకున్న ఆర్ డిస్కులో, ప్లస్ అయినా మైనస్ అయినా, లేజర్ వేడికి మారిన సేంద్రియ రంగు పొరే సమాచారం. ఎండ, వేడి, ఉక్కపోత ఆ రంగును మెల్లగా చెడగొడతాయి. సినిమా శుభ్రంగా ఆడుతూ, పెళ్లి డీవీడీ మధ్యలో బిగుసుకుపోవడానికి ఒక ముఖ్య కారణం ఇదే. రంగు నాణ్యత తయారీదారును బట్టి ఉంటుంది, డబ్బా మీది పేరు చాలాసార్లు తయారీదారుది కాదు. అసలు తయారీదారు సంకేతం డిస్కులోనే ఉంటుంది, సాఫ్ట్‌వేర్‌తో చదవొచ్చు. తెలుగు సినిమా డీవీడీలను చౌకగా అమ్మిన మోజర్ బేర్ ఖాళీ డిస్కులు చేసే పెద్ద సంస్థల్లో ఒకటిగా ఉండేది. 2018లో దాని లిక్విడేషన్‌కు ఆదేశాలొచ్చాయి.

కాబట్టి ఆడుతున్నప్పుడే హార్డ్ డిస్కులోకి ఎక్కించుకోండి. ఒక డ్రైవ్ చదవకపోతే ఇంకో డ్రైవ్‌లో పెట్టి చూడండి, అన్ని లేజర్లూ ఒకేలా చదవవు. సీడీలో సమాచారపు పొర పైన లేబుల్ కిందే ఉంటుంది, డీవీడీలో అది రెండు 0.6 మిల్లీమీటర్ల పలకల మధ్య భద్రంగా ఉంటుంది, కాబట్టి లేబుల్ వైపు పడే గీతలకు అంత భయపడక్కర్లేదు. వధూవరుల ఫొటో స్టిక్కర్ అతికించి ఉంటే మాత్రం పీకకండి. పలక వంగినా, పొరలు విడిపోయినా మళ్లీ అతకవు.