జబ్బు కాదన్నాడు ఫ్రాయిడ్, వారసులు వినలేదు

1935 ఏప్రిల్‌లో వియన్నా నుంచి, మనసులో దాగినవాటిని మాటల ద్వారా వెలికితీసే మనోవిశ్లేషణ చికిత్సకు ఆద్యుడైన సిగ్మండ్ ఫ్రాయిడ్ అమెరికాలోని ఒక తల్లికి ఉత్తరం రాశాడు. కొడుకు గురించి బెంగపడుతూ ఆమె రాసిన ఉత్తరానికి జవాబది. కొడుకు గే అని ఆమె రాతను బట్టి తెలిసిపోతోంది, కానీ ఆ మాట మాత్రం ఎక్కడా రాయలేదు. ఎందుకు దాటేశారని ఫ్రాయిడ్ ముందుగా అడిగింది అదే. స్వలింగ ప్రేమ వల్ల ఒరిగేదేమీ లేకపోయినా అందులో సిగ్గుపడాల్సిందీ లేదని, దాన్ని జబ్బుల్లో చేర్చలేమని చెప్పాడు. ప్లేటో, మైకెలాంజెలో, లియొనార్డో డావిన్సీల పేర్లు గుర్తుచేశాడు. అబ్బాయిని మార్చేస్తానని మాటివ్వలేదు. అతను లోలోపల నలిగిపోతుంటే మాత్రం, మారినా మారకపోయినా, మనోవిశ్లేషణతో మనశ్శాంతి దొరకవచ్చన్నాడు.

అయితే అదే ఉత్తరంలో, లైంగిక వికాసం ఒక దశలో ఆగిపోవడం వల్ల ఇలా జరుగుతుందనీ రాశాడు. ఆయన వెనక వచ్చినవాళ్లు ఈ ఒక్క ముక్కే పట్టుకున్నారు.

అంతకుముందే, 1921లో, ఒక గే డాక్టరు మనోవిశ్లేషకుల సంఘంలో చేరతానన్నాడు. లండన్‌లో ఉండే ఫ్రాయిడ్ అనుచరుడు ఎర్నెస్ట్ జోన్స్ వద్దన్నాడు. ఈ ఒక్క కారణంతో ఎవరినీ కాదనకూడదని ఫ్రాయిడ్, ఆయన సహచరుడు ఒట్టో ర్యాంక్ జవాబిచ్చారు. ఆచరణలో చాలాకాలం నెగ్గింది జోన్స్ మాటే. నా దృష్టిలో అసలు నష్టం ఇక్కడే జరిగింది. గే అయినవాళ్లు విశ్లేషకులుగా లోపలికి రాలేదు, వచ్చినవాళ్లు ఆ సంగతి దాచుకున్నారు. ఇక వికాసం ఆగిపోవడం వల్లే ఇలా జరుగుతుందన్న సిద్ధాంతం తప్పని చెప్పడానికి లోపల ఎవరున్నారు?

1962లో న్యూయార్క్‌లో మనోవిశ్లేషకుడు ఇర్వింగ్ బీబర్ బృందం 106 మంది గే పురుషుల మీద అధ్యయనం ప్రచురించింది. కొడుకును అంటిపెట్టుకుని ఉండే తల్లి, అంటీముట్టనట్టుండే తండ్రి, ఇదీ వాళ్లు తేల్చిన కారణం. 27 శాతం మంది 'మారారు' అని కూడా చెప్పుకున్నారు. కానీ ఆ 106 మందీ విశ్లేషకుల దగ్గరికి చికిత్సకు వచ్చినవాళ్లే. ప్రశ్నపత్రాలు నింపింది కూడా ఆ విశ్లేషకులే! ఆస్పత్రి వార్డులో కూర్చుని ఊరందరికీ జ్వరమేనంటే ఎలా?

మనస్తత్వవేత్త ఎవెలిన్ హుకర్ అప్పటికే, 1957లో, వార్డు బయటికి వెళ్లి చూసింది. చికిత్సలో లేని 30 మంది గే పురుషులను, వయసులో, చదువులో, తెలివిలో వారికి సరిజోడైన 30 మంది ఇతర పురుషులను తీసుకుంది. సిరామరకలు చూపించి ఏం కనిపిస్తోందని అడిగే పరీక్ష లాంటివి పెట్టి, పేర్లు తీసేసి జవాబులను నిపుణులకిచ్చింది. ఎవరు గేనో ఎవరు కాదో వాళ్లు పోల్చుకోలేకపోయారు.

1973 డిసెంబర్‌లో అమెరికన్ సైకియాట్రిస్టుల సంఘం స్వలింగ ప్రేమను జబ్బుల జాబితా నుంచి తీసేసింది. దాని మీద ఓటింగ్ పెట్టాలని పట్టుబట్టినవాళ్లలో మనోవిశ్లేషకులే ముందున్నారు. 1974లో ఓటింగ్ జరిగితే 58 శాతం మంది తీసేయడాన్నే సమర్థించారు. అయినా అమెరికన్ మనోవిశ్లేషకుల సంఘం శిక్షణలో ఈ వివక్ష ఉండకూడదని ప్రకటించింది 1991లో. క్షమాపణ చెప్పడానికి 2019 దాకా పట్టింది.