చెరువు తూము ఎవరి చేతిలో ఉంది?

చిరంజీవులు మనవడికీ మనవరాలికీ అమ్మమ్మ ఆశీస్సులు.

బల్ల చుట్టూ కూర్చుని, తలా ఒక పాత్ర ధరించి, మాటలతోనే కథ నడిపే మీ ఆట కోసం గీసి పంపిన నగరం పటం చూశాను. కోట, బురుజులు, వంకర వీధులు, ఉత్తరాన చెరువు, అన్నీ ముచ్చటగా గీశారు. దుకాణాలన్నింటికీ పేర్లు పెట్టడం చూసి నవ్వుకున్నాను. అయినా మీ స్నేహితులు ఆ వీధుల్లో కాసేపు తిరిగి, ఏం చేయాలో తోచక, "ఊరి బయట గుహ ఏదైనా ఉందా?" అని అడిగారని రాశారు. పటంలో లోపమేమీ లేదు. గుహలో ఆట నడపడం వేరు, నగరంలో నడపడం వేరు.

గుహలో దారి రెండుగా చీలితే కుడికో ఎడమకో వెళ్లాలి. రెండు గదులు సిద్ధం చేసుకున్న డంజన్ మాస్టర్‌కి, అంటే ఆట నడిపేవాడికి, ఆ పూటకు దిగులుండదు. 1974లో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్‌ల 'డంజన్స్ అండ్ డ్రాగన్స్' అనే ఇలాంటి ఆట వచ్చిన కొత్తలో ఆటలు ఎక్కువగా నేలమాళిగల్లోనే సాగడానికి ఈ సౌకర్యం కూడా ఒక కారణమని నా అనుమానం. నగరంలో అడ్డుగోడలు లేవు. ఒకడు కంసాలి దుకాణానికి పోదామంటాడు, ఒకామె గుడికి పోదామంటుంది, ఇంకొకడు ఊరికే ఎవరి జేబు కొట్టాలా అని చూస్తుంటాడు. ముగ్గురికీ అప్పటికప్పుడు జవాబు చెప్పాలి.

దీనికి మొదట దొరికిన మందు ఓపిక. 1976లో ఇల్లినాయ్ రాష్ట్రంలో బాబ్ బ్లెడ్‌సా, బిల్ ఓవెన్ అనే ఇద్దరు 'జడ్జెస్ గిల్డ్' అనే ప్రచురణ సంస్థ పెట్టి, 'సిటీ స్టేట్ ఆఫ్ ది ఇన్విన్సిబుల్ ఓవర్‌లార్డ్' అనే నగరాన్ని తయారుచేశారు. పెద్ద పటం, వీధుల వారీగా దుకాణాలు, వాటి యజమానులు, అక్కడ చెవినపడే పుకార్లు. 2006లో మాంటీ కుక్ అచ్చువేసిన 'టోలస్' ఇదే దారిలో ఆరు వందల పేజీలు దాటింది. వీటిని తక్కువ చేయను. కానీ ఆటగాడు ప్రశ్న అడిగిన ప్రతిసారీ మీరు పేజీలు తిప్పుతూ కూర్చుంటే, ఆ లోగా అవతలివాళ్లు ఫోన్లు తీస్తారు.

నాకు నచ్చిన మందు వేరే ఉంది. మీ మామయ్య అమెరికా నుంచి తెచ్చుకున్న పెట్టె ఒకటి మా అటక మీద ఉంది, దాని పేరు 'ప్లేన్‌స్కేప్'. అదే ఆటకు ఒక ఊహాలోకాన్ని వర్ణించే పుస్తకాలు, పటాలు అందులో ఉన్నాయి. డేవిడ్ కుక్ రాయగా 1994లో టీఎస్ఆర్ కంపెనీ వెలువరించింది. అందులోని నగరం సిగిల్. మునిసిపాలిటీ టౌన్ ప్లానింగ్ విభాగంలో పనిచేసి రిటైరైన దాన్ని కదా, ఏ ఊరి బొమ్మ చూసినా ముందు మురుగు ఎటు పోతుందని వెతుకుతాను. ఈ నగరం కట్టినవాడికీ అలాంటి బుద్ధే ఉన్నట్టుంది.

సిగిల్ ఉన్నది ఒక ఉంగరం ఆకారంలో. చేతి గాజు లోపలి వైపున, చుట్టూతా ఇళ్లు కట్టారనుకోండి. వీధిలో నిలబడి తల ఎత్తితే, పొగమంచు లేని పూట, అవతలి పేట ఇళ్ల కప్పులు నెత్తిమీద కనిపిస్తాయి. ఈ గాజు ఒక శిఖరం కొసన తేలుతూ ఉంటుంది. ఆ శిఖరం ఎత్తుకు అంతం లేదట! అంతం లేనిదానికి కొస ఎక్కడిదని పుస్తకంతోనే పోట్లాడాను, లాభం లేకపోయింది. సూర్యుడు లేడు, పొలాలు లేవు. లోపలికి రావాలన్నా బయటికి పోవాలన్నా మాయద్వారాలే గతి. గుమ్మం, కమాను, పటం కట్టిన చట్రం, నాలుగు వైపులా హద్దున్న ఏ సందైనా ద్వారం కావచ్చు. ప్రతిదానికీ దాని తాళంచెవి ఉంటుంది. అది ఎండిన పువ్వు కావచ్చు, ఒక మాట కావచ్చు.

ఇందులో డేవిడ్ కుక్ చేసిన గడుసు పని చూడండి. ఊరికి వెలుపల అనేదే లేదు కాబట్టి ఆటగాళ్లు విసుగొచ్చి ఊరి బయటికి నడిచిపోలేరు. గుహ గోడలు చేసే పనిని ఇక్కడ తాళంచెవులు చేస్తాయి. తాళంచెవి కావాలంటే ఎవరినో ఒకరిని ఆశ్రయించక తప్పదు.

ఎవరిని? అసలు విషయం అక్కడుంది. నగరంలో పదిహేను వర్గాలున్నాయి. ఒక్కోదానికి లోకం గురించి ఒక్కో నమ్మకం. ఆ నమ్మకాల గురించి వాదించుకుంటూ అరుగుల మీద కూర్చోబెట్టి ఉంటే ఈ ఉత్తరం రాసేదాన్ని కాదు. కుక్ వాళ్ల చేతుల్లో ఊరి పనులు పెట్టాడు. 'మనమంతా ఎప్పుడో చచ్చిపోయాం, ఇది చావు తర్వాతి బతుకు' అనే డస్ట్‌మెన్ వర్గం శవాగారాన్ని నడుపుతుంది. మురికివాడలో బీదలు శవాలను ఏరి తెచ్చి వాళ్లకు అమ్ముకుంటారు. 1999లో వచ్చిన 'ప్లేన్‌స్కేప్: టార్మెంట్' అనే కంప్యూటర్ గేమ్‌లోనైతే, బతికుండగానే తన శవాన్ని వాళ్లకు రాసిచ్చేసి డబ్బు తీసుకోవచ్చు. 'దేనికీ అర్థం లేదు' అనే బ్లీక్ క్యాబల్ వర్గం పిచ్చాసుపత్రి చూసుకుంటుంది, ఆకలితో ఉన్నవాళ్లకు అన్నం పెడుతుంది. అర్థం లేదన్న తర్వాత పక్కవాడి ఆకలి తీర్చడం తప్ప మిగిలేదేముంది అనుకున్నారేమో! ఆ పేజీ దగ్గర పుస్తకం మూసి చాలాసేపు ఆలోచించాను.

'దక్కించుకోగలిగినవాడిదే హక్కు' అనేవాళ్లు ఇంకొక వర్గం. ఊరి రికార్డుల కచేరీ, పన్నుల వసూలు వాళ్లవి. మా ఆఫీసులో ఈ మాట చెబితే ఎవరూ ఆశ్చర్యపోయి ఉండరు.

ఇక మీ ఆటలోని జేబుదొంగను సిగిల్‌లో వదలండి. పట్టుకునే వర్గానికి లోకమంతా ఒకే తాటి మీద నడవాలి. విచారించే వర్గానికి చట్టంలోని అక్షరమే దైవం. జైలు నడిపే వర్గానికి శిక్ష తప్ప ఇంకేమీ పట్టదు. ఒక్క దొంగ మూడు నమ్మకాల గుండా పోవాలి. వాణ్ణి విడిపించాలంటే మొదటివాళ్లతో మంచితనం, రెండోవాళ్ల దగ్గర చట్టంలో సందు పనికొస్తాయి. మూడోవాళ్ల దగ్గర ఏదీ పనికిరాదు, కాబట్టి జైలు చేరేలోపే ఏదో ఒకటి చేయాలి. చూశారా, మీరు ఒక్క గది గీయకుండానే ఆట మొదలైంది.

ఈ ఊరికి ఏలిక ఒకామె ఉంది, లేడీ ఆఫ్ పెయిన్. ముఖం చుట్టూ కత్తులు, నోట మాట లేదు, నేల మీద అడుగు పెట్టదు. దేవతలను ఊళ్లోకి రానివ్వదు. తనను పూజించినవాణ్ణి కూడా బతకనివ్వదు. ఎదురు తిరిగితే పద్మవ్యూహం లాంటి చిక్కుదారుల్లో ఒంటరిగా పడేస్తుంది. ఆమెకు అర్జీ పెట్టుకునే వీలే లేదు, కాబట్టి ఏ పని కావాలన్నా మధ్యలోవాళ్ల కాళ్లే పట్టుకోవాలి. మీ కోటలో రాజుగారు ప్రతి వారం ఆటగాళ్లను పిలిపించి పని అప్పగిస్తున్నారు. ఆయన్ని ముందు మంచాన పడేయండి. అడిగితే పలికే రాజు ఉన్నంతకాలం ఊళ్లో మిగిలినవాళ్లతో ఎవరికీ అవసరం పడదు.

రోడ్లు బాగుచేసేది డాబస్ అనే జాతి. వాళ్లు మాట్లాడరు, చెప్పదలచుకున్నది తల పైన బొమ్మల పొడుపుకథలా తేలుతుంది. నా మనసు దోచినవాళ్లు వీళ్లే.

అన్నీ మెచ్చుకున్నానని అనుకోకండి. పదిహేను వర్గాలు ఒక బల్ల చుట్టూ చేరిన నలుగురు పిల్లలకు మోయలేని బరువు. 1998లో వచ్చిన కథలో ఆ వర్గాలన్నింటినీ ఊళ్లోంచి తరిమేశారు. ఊరిని నడిపేవాళ్లను పంపేసి ఊరు ఉంచుకున్నారు, నాకది బొత్తిగా నచ్చలేదు. 2023లో ఈ నగరం మళ్లీ అచ్చయినప్పుడు వర్గాలూ తిరిగొచ్చాయి.

మీ ఊరికైతే మూడు పనులు చాలు, ఒక్కోటి ఒక్కో వర్గం చేతిలో పెట్టండి. చెరువు తూము, శ్మశానం, కోటగుమ్మం దగ్గర సుంకం. తూము కాసేవాళ్లు చెరువును ప్రాణమున్న తల్లిగా నమ్ముతారనుకోండి, ఆమె అనుమతి లేనిదే నీళ్లు వదలరు. కాటికాపర్లు చచ్చినవాడి పేరు పలకరు. అలాంటప్పుడు హత్య జరిగితే ఎవరు చచ్చారో ఎలా తెలుసుకుంటారు? సుంకం కోసం మాత్రం మన చరిత్ర తిరగేయండి. 1244-45లో కాకతీయ గణపతిదేవుడు మోటుపల్లి రేవులో అభయశాసనం వేయించాడు. అంతకు ముందు రాజులు తుఫానుకు ఒడ్డున పడ్డ ఓడల్లోని సరుకంతా లాక్కునేవారు, తాను మాత్రం నిర్ణయించిన సుంకమే తీసుకుంటానని వర్తకులకు మాట ఇచ్చాడు. మీ ఆటలో, అలాంటి శాసనం చెక్కుతున్న రాత్రే ఒక ఓడ ఒడ్డెక్కిందని పెట్టండి. సరుకు ఎవరిది? పాత ఆచారం మీద బతికినవాళ్లు ఒకవైపు, తడిసిన బట్టలతో వర్తకుడు ఒకవైపు, ఉలి పట్టుకుని శిల్పి ఒకవైపు. శిల్పికి లంచమిస్తే శాసనం తేదీ మారుతుందా అని మీ స్నేహితుల్లో ఒకరైనా అడుగుతారు. అడిగితే ఇరవై ముఖాల పాచిక వేయించండి, ఇరవై పడితే తప్ప ఒప్పుకోకండి.

ఈ మూడు పనులవాళ్ల పేర్లు, నమ్మకాలు, ఒకరంటే ఒకరికి ఎందుకు పడదో ఒక్క పేజీలో రాసి నాకు పంపండి. పేజీ దాటితే చదవను. పటంలో మురుగుకాలువ చెరువులోకి పోతున్నట్టు గీశారు, అది కావాలనే గీసి ఉంటే దాని సంగతి కూడా రాయండి.

ఇట్లు,
మీ అమ్మమ్మ